భౌతికశాస్త్రాన్ని సాక్ష్యానికి పిలిచే ముందు: ఆధ్యాత్మిక ప్రసంగకర్తలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రసంగకర్తలకు, గురువులకు, ధ్యాన శిక్షకులకు,

నమస్కారం.

నేను భౌతికశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ని. మీ ప్రసంగాలు వింటూ ఉంటాను. మీ వీడియోలు నా విద్యార్థులు పంపిస్తూ ఉంటారు, "సార్, ఇది నిజమేనా?" అని. చాలావాటిలో ఎక్కడో ఒక చోట ఈ మాట వస్తుంది: "ఇది నా మాట కాదు, క్వాంటం ఫిజిక్స్ నిరూపించింది." ఆ మాట వచ్చాక ఎవరూ ప్రశ్న అడగరు. అడగడానికి ధైర్యం చాలదు. క్వాంటం ఫిజిక్స్ (ఎలక్ట్రాన్లు, పరమాణువుల లాంటి అతి చిన్నవాటి ప్రవర్తనను వివరించే శాస్త్రం) అంటే పెద్ద చదువు, ఐన్‌స్టీన్ లాంటివాళ్లకు సంబంధించిన వ్యవహారం, మనకేం తెలుసు అనుకుంటారు. మీ మీద ఉన్న గౌరవం, సైన్స్ మీద ఉన్న గౌరవం రెండూ కలిసి వాళ్ల నోరు కట్టేస్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట స్పష్టం చేస్తాను. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఇక్కడ చర్చ కాదు. ధ్యానం వల్ల మనసు కుదుటపడుతుందని మీరంటే నాకు పేచీ లేదు. ప్రార్థన చేసుకునేవాళ్లను చిన్నబుచ్చే ఉద్దేశం అసలే లేదు. నా అభ్యంతరం ఒక్కదాని మీదే. మీ నమ్మకానికి రుజువుగా భౌతికశాస్త్రాన్ని చూపిస్తున్నారు. భౌతికశాస్త్రం ఆ రుజువు ఇవ్వలేదు. ఇచ్చిందని చెప్పడం వినేవాళ్లకు అన్యాయం.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాటతో మొదలుపెడతాను. "ఎలక్ట్రాన్ మనం చూడనప్పుడు తరంగం, చూసినప్పుడు కణం. అంటే మన చైతన్యమే పదార్థాన్ని సృష్టిస్తోంది" అంటారు. దీనికి జంట చీలికల ప్రయోగాన్ని చూపిస్తారు. యానిమేషన్‌లో చీలికల పక్కన పెద్ద కన్ను బొమ్మ ఒకటి పెడతారు. తప్పంతా ఆ కన్ను దగ్గరే ఉంది.

ప్రయోగంలో జరిగేది ఇది. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపుతారు. ఎదురుగా రెండు దారులుంటాయి. ప్రతి ఎలక్ట్రానూ అవతలి డిటెక్టర్ మీద ఒక చుక్కగానే పడుతుంది. మొదటి పదీ ఇరవై చుక్కలు ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా కనిపిస్తాయి. వేల చుక్కలు పోగయ్యాక వాటిలోంచి చారలు తేలతాయి. ఒక చార నిండా చుక్కలు, పక్క చార దాదాపు ఖాళీ, మళ్లీ చుక్కలు. 1989లో జపాన్‌లో అకిరా టోనోమురా బృందం ఈ చారలు చుక్క చుక్కగా ఏర్పడటాన్ని రికార్డు చేసి చూపించింది. ఎలక్ట్రాన్ ఏ దారిన వెళ్లిందో ఎక్కడైనా ఆనవాలు మిగిలిందా, చారలు పోతాయి. ఆనవాలు మిగలకపోతే చారలు నిలుస్తాయి. ఆ ఆనవాలును ఒక మనిషి చదివాడా లేదా అన్నదానితో చారలకు నిమిత్తం లేదు.

దీన్ని నేను ఊరికే అనడం లేదు. 2004లో వియన్నాలో చేసిన ప్రయోగం ఒకటుంది. ఈ విషయంలో ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలియదు. ఒక్కోదానిలో 70 కార్బన్ పరమాణువులుండే అణువులను తీసుకున్నారు. వాటిని సూక్ష్మమైన గ్రేటింగ్‌ల (వరుసగా సన్నని చీలికలున్న పలకల) గుండా పంపితే చారలు వచ్చాయి. ఎలక్ట్రాన్లే కాదు, అంత పెద్ద అణువులు కూడా తరంగాల్లా ప్రవర్తించాయన్నమాట. తర్వాత ఆ అణువులను దారిలోకి వెళ్లే ముందు లేజర్‌తో వేడి చేశారు. వేడెక్కిన అణువు కొలిమిలో కాలిన ఇనుములాగే తనంతట తానే వెలుగు చిమ్ముతుంది. బయటికి పోయే ప్రతి ఫోటానూ, అంటే ప్రతి వెలుగు కణమూ, ఆ అణువు ఎక్కడుందన్న సమాచారాన్ని కొంత వెంట తీసుకుపోతుంది. లేజర్ శక్తి పెంచేకొద్దీ చారలు మెల్లమెల్లగా మసకబారాయి. అణువుల వేడి 3,000 కెల్విన్ల దరిదాపులకు వచ్చేసరికి పూర్తిగా మాయమయ్యాయి.

ఆ ఫోటాన్లను ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ లెక్కపెట్టలేదు. అవి వెళ్లి గొట్టం గోడలకు తగిలాయి, అంతే. శాస్త్రవేత్త గదిలో ఉన్నా, కాఫీ తాగడానికి బయటికి వెళ్లినా ఫలితం ఒకటే. అణువు తన జాడను తానే చుట్టుపక్కలకు వదిలేసుకుంది. తరంగ ప్రవర్తన కనుమరుగవడానికి అది చాలు. పైగా అది స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా పోలేదు. ఎంత వేడి చేస్తే ఎంత మసకబారాలో సిద్ధాంతం ముందే లెక్క కట్టింది, ప్రయోగంలో అంతే మసకబారింది. మనిషి మనసుకు ఆ లెక్కలో ఎక్కడా చోటు లేదు, దాని అవసరమూ రాలేదు.

మీలో బాగా చదువుకున్నవాళ్లు ఇక్కడ యూజీన్ విగ్నర్ పేరు తెస్తారు. తేవడం న్యాయమే. ఆయన నోబెల్ బహుమతి గ్రహీత. కొలత పూర్తవడానికి చైతన్యం అవసరమేమో అన్న ఆలోచనను 1961లో గట్టిగానే ముందుకు తెచ్చారు. కానీ కథలో సగం దగ్గరే మీరు ఆగిపోతున్నారు. 1970లో డీటర్ త్సే అనే జర్మన్ శాస్త్రవేత్త, చుట్టుపక్కల ఉన్న గాలి, వెలుతురు, వేడితో కలిసి ఏ పెద్ద వస్తువైనా తన క్వాంటం లక్షణాలను ఎలా పోగొట్టుకుంటుందో చూపించారు. దీన్నే డికోహెరెన్స్ అంటారు. ఆ పని చూశాక, తర్వాతి దశాబ్దంలో విగ్నర్ తన పాత అభిప్రాయాన్ని వదులుకున్నారు. అంత పెద్దమనిషి తన మాట తానే వెనక్కి తీసుకున్నాక, ఆ వదిలేసిన మాటనే ఆయన పేరుతో వేదిక మీద చెప్పడం ఆయనకు గౌరవమా?

అన్నీ తేలిపోయాయని కూడా నేను అనను. క్వాంటం సిద్ధాంతంలో కొలత అంటే అసలు ఏమిటి, ఎన్నో అవకాశాల్లోంచి ఒక్క ఫలితమే ఎందుకు కనిపిస్తుంది అన్న ప్రశ్న మీద భౌతికశాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. డికోహెరెన్స్ ఆ ప్రశ్నను చాలా దూరం తీసుకెళ్లింది కానీ ముగించలేదు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. మెదడులో క్వాంటం ప్రక్రియలున్నాయేమో అని రోజర్ పెన్రోస్ లాంటి గొప్ప శాస్త్రవేత్తే ప్రతిపాదించారు. 2000లో మాక్స్ టెగ్‌మార్క్ లెక్క వేసి, మెదడు వేడిలో, తడిలో అలాంటి సున్నితమైన స్థితులు సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా నిలవవని అన్నారు. దాని మీద మళ్లీ వాదన నడిచింది. ఇలా నడవాలి కూడా. తేలని ప్రశ్న ఉంది అంటే తెలుసుకోవలసింది ఉందని అర్థం. అందులో మనకు నచ్చిన జవాబు రాసేసుకోవచ్చని కాదు.

ఇక పరిమాణాల సంగతి. మీ ప్రసంగాల్లో ఎలక్ట్రాన్ నుంచి మనిషికి ఒక్క వాక్యంలో దూకేస్తారు. "ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు చోట్ల ఉండగలిగితే మీరెందుకు ఉండలేరు?" అని. జవాబు లెక్కలోనే ఉంది. తరంగ ప్రవర్తన కనిపించాలంటే తరంగదైర్ఘ్యం, అంటే తరంగంలో ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరం, మరీ చిన్నదిగా ఉండకూడదు. 60 కిలోల మనిషి సెకనుకు ఒక మీటరు వేగంతో నడుస్తుంటే ఆ మనిషి తరంగదైర్ఘ్యం ఎంతో ఇంటర్ విద్యార్థి కూడా కట్టగలడు. ప్లాంక్ స్థిరాంకాన్ని 60తో భాగిస్తే చాలు. దశాంశ బిందువు పెట్టి, 34 సున్నాలు రాసి, ఆ తర్వాత 11 వేస్తే అన్ని మీటర్లు. ప్రోటాన్ వ్యాసంలో పది లక్షల కోట్ల కోట్లవ వంతు కంటే కూడా తక్కువ. 2019లో వియన్నా, బాసెల్ విశ్వవిద్యాలయాల బృందం దాదాపు 2,000 పరమాణువులున్న అణువులతో చారలు రాబట్టగలిగింది. దానికోసం గాలి లేకుండా చేసి, కంపనాలు లేకుండా చేసి, నానా తంటాలు పడ్డారు. 2,000 పరమాణువులకే అంత కష్టమైతే మన ఒంట్లో ఎన్ని ఉన్నాయో మీరే ఊహించుకోండి. పెద్ద వస్తువుల్లో క్వాంటం ప్రభావాలు కనిపించే సందర్భాలు లేకపోలేదు. సూపర్ కండక్టర్లున్నాయి, లేజర్లున్నాయి. ప్రతిదానికీ కచ్చితమైన షరతులున్నాయి. ఆ షరతులు చెప్పకుండా ఫలితం ఒక్కటే చెబితే అది సైన్స్ అవదు.

రెండో మాట ఎంటాంగిల్‌మెంట్, అంటే జంటగా పుట్టిన కణాల కొలతల మధ్య ఎంత దూరంలోనైనా కనిపించే పొంతన. "ఒక కణాన్ని ఇక్కడ తాకితే విశ్వం అవతలి అంచున ఉన్న జంట కణం స్పందిస్తుంది, కాబట్టి మన ఆలోచనలు ఎంత దూరంలో ఉన్నవాళ్లనైనా చేరతాయి, రోగం నయం చేస్తాయి" అంటారు. ఎంటాంగిల్‌మెంట్ నిజం. అందులో సందేహం లేదు. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ లేవనెత్తిన ప్రశ్నను 1964లో జాన్ బెల్ కొలవగలిగే రూపంలోకి తెచ్చారు. 1972లో ఫ్రీడ్‌మన్, క్లౌజర్, 1982లో అలన్ ఆస్పే ప్రయోగాలు చేశారు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ప్రధానమైన లొసుగులు మూసేసి మళ్లీ చేశారు. 2022లో ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ వచ్చింది. మీరు ఆ నోబెల్ వార్తను స్లైడ్‌లో పెడతారు, నేను చూశాను. కానీ ఆ ప్రయోగంలో రెండు చివర్ల దగ్గరా కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుందో మాత్రం చెప్పరు.

వాళ్లకు కనిపించేది ఇది. జంట ఫోటాన్లలో ఒకటి నా దగ్గరికి, ఒకటి మీ దగ్గరికి వచ్చాయనుకోండి. నేను నా ఫోటాన్‌ను కొలిస్తే "అవును" అనో "కాదు" అనో వస్తుంది. మళ్లీ కొత్త జంట, మళ్లీ కొలత. అవును, కాదు, కాదు, అవును, కాదు. పూర్తిగా అడ్డదిడ్డంగా ఉంటుంది. మీరు అవతల ఏం చేసినా, కొలిచినా, కొలవకపోయినా, పరికరాన్ని ఎటు తిప్పినా నా వరుస అంతే అడ్డదిడ్డంగా ఉంటుంది. నా ఫలితాలు రాసుకున్న పుస్తకం ఒక్కటీ చూసి మీరు ఏం చేశారో నేను కనిపెట్టడం అసాధ్యం. మీ పుస్తకం, నా పుస్తకం పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే ఆ అద్భుతమైన పొంతన బయటపడుతుంది. ఆ పోల్చుకోవడానికి ఫోనో, ఉత్తరమో, ఏదో ఒకటి మామూలు దారిలోనే, కాంతి వేగం దాటకుండా రావాలి. అంటే ఎంటాంగిల్‌మెంట్ ద్వారా ఒక్క అక్షరం కూడా పంపలేం. దీవెన పంపలేం, శాపం పంపలేం, మందు పంపలేం. ఇది ఇంకా పరికరాలు బాగుపడితే తీరే ఇబ్బంది కాదు, సిద్ధాంతంలోనే ఉన్న నియమం.

పైగా ఎంటాంగిల్‌మెంట్ ఎంత సులువుగా చెదిరిపోతుందో తెలిస్తే మీరు దాన్ని ఆధారం చేసుకోవడానికి జంకుతారు. 2017లో చైనా ఉపగ్రహం ఒకటి జంట ఫోటాన్లను 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాలకు పంపింది. ఉపగ్రహంలో సెకనుకు 59 లక్షల జంటలు తయారైతే, కింద రెండు చోట్లా కలిపి దొరికింది సెకనుకు సుమారు ఒక్క జంట. ఎంతో శ్రమపడి చేసిన పని అది, ప్రపంచమంతా మెచ్చుకుంది.

ఈ సందర్భంలో మీకు ఉపయోగపడే కథ ఒకటుంది. 1970ల్లో అమెరికాలోని బర్క్‌లీలో కొంతమంది యువ భౌతికశాస్త్రవేత్తలు ఒక బృందంగా కలుసుకునేవారు. టెలిపతి లాంటివాటికి బెల్ సిద్ధాంతం దారి చూపిస్తుందేమో అన్న ఆశ వాళ్లకుండేది. మీకు దగ్గరివాళ్లే అనుకోవచ్చు. వాళ్లలో నిక్ హెర్బర్ట్ అనే ఆయన కాంతి కంటే వేగంగా సందేశం పంపే పద్ధతి ఒకటి కాగితం మీద పూర్తి వివరంగా రాశారు. ఏ పరికరం, ఏ కొలత, ఏ ఫలితం వస్తే ఏం అర్థం, అన్నీ రాశారు. అది 1982లో అచ్చయింది. ప్రచురణకు ముందు దాన్ని పరిశీలించిన ఆషర్ పెరెస్, ఇది తప్పయి ఉంటుందని తెలిసీ అచ్చు వేయమన్నారు. తప్పు ఎక్కడుందో వెతికే క్రమంలో కొత్త విషయం దొరుకుతుందని ఆయన నమ్మకం. అలాగే జరిగింది. అదే ఏడాది ఊటర్స్, జురెక్ కలిసి, డీక్స్ విడిగా, తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని నిరూపించారు. క్వాంటం రహస్య సంకేతాల భద్రతకు ఈ రోజు ఆధారం ఆ సిద్ధాంతమే. హెర్బర్ట్ ఆలోచన నిలవలేదు. కానీ ఆయన దాన్ని తప్పని తేల్చడానికి వీలైన రూపంలో పెట్టారు కాబట్టి, ప్రపంచానికి మేలు జరిగింది. మీ ప్రసంగాల్లో నేను వెతికేది సరిగ్గా ఆ రూపం కోసమే. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఒక్కసారీ దొరకలేదు.

శక్తి, వైబ్రేషన్, ఫ్రీక్వెన్సీ అనే మాటల గురించి ఎక్కువ చెప్పను. శక్తికి కొలత ఉంది, జౌళ్లలో చెబుతాం. ఫ్రీక్వెన్సీకి హెర్ట్జ్‌లు ఉన్నాయి. "ఉన్నతమైన ఫ్రీక్వెన్సీ" అన్నప్పుడు ఎన్ని హెర్ట్జ్‌లో, దేని కంపనమో, ఏ పరికరంతో కొలిచారో చెప్పగలిగితే మాట్లాడుకోవచ్చు. భౌతికశాస్త్రంలో మంచి శక్తి, చెడ్డ శక్తి అంటూ లేవు. ఈ = ఎంసీ స్క్వేర్ చెప్పేది ద్రవ్యరాశికి, శక్తికి మధ్య ఉన్న లెక్కను. ఆలోచనతో పదార్థాన్ని మార్చవచ్చని అది ఎక్కడా చెప్పదు. పరమాణువు అంతా ఖాళీయే కాబట్టి ప్రపంచం భ్రమ అనే వాదన కూడా అంతే. కేంద్రకం పరమాణువులో లక్షో వంతు వెడల్పే, నిజమే. కానీ మిగతా చోటంతా ఎలక్ట్రాన్ల తరంగం పరుచుకుని ఉంటుంది. రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండవన్న పౌలీ నియమం వల్లే బల్ల గట్టిగా ఉంది, నేల మనల్ని మోస్తోంది. పదార్థం గట్టిగా ఎందుకుంటుందో వివరించిందే క్వాంటం సిద్ధాంతం. దాన్నే పట్టుకుని పదార్థం లేదంటే ఎలా?

మీరు వాడుకునే పెద్ద భౌతికశాస్త్రవేత్తల పేర్ల విషయం కూడా చెప్పాలి. ష్రోడింగర్ వేదాంతాన్ని ప్రేమించారు, దాని గురించి రాశారు. ఓపెన్‌హైమర్ సంస్కృతం నేర్చుకుని గీత చదివారు. నీల్స్ బోర్ 1947లో తన చిహ్నంలో చైనా వారి యిన్-యాంగ్ గుర్తు పెట్టుకున్నారు. ఇవన్నీ నిజాలే, నాకూ ఇష్టమైన నిజాలు. కానీ ష్రోడింగర్ 1926లో ఎలక్ట్రాన్ తరంగానికి రాసిన తన సమీకరణాన్ని ఎందుకు నమ్మమన్నారు? హైడ్రోజన్ పరమాణువు విడుదల చేసే కాంతి లెక్కలు సరిగ్గా వచ్చాయి కాబట్టి. వేదాంతం ఆయన మనసుకు ఎంత బలమిచ్చినా, ఆ సమీకరణానికి సాక్ష్యంగా ఆయన వేదాంతాన్ని పెట్టలేదు. వేదాంతానికి సాక్ష్యంగా సమీకరణాన్ని వాడటమూ కుదరదు. న్యూటన్ ఏళ్ల తరబడి రసవాదంలో (మామూలు లోహాన్ని బంగారం చేయాలనే విద్యలో) మునిగిపోయి వేల పేజీలు రాశారు. గురుత్వాకర్షణ సిద్ధాంతం రసవాదాన్ని నిరూపించిందని మీరూ అనరు కదా.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది చరిత్ర. మీరు చేస్తున్న పని కొత్తది కాదు. 18వ శతాబ్దంలో అయస్కాంతత్వం, విద్యుత్తు కొత్తగా తెలుస్తున్న రోజుల్లో, మెస్మర్ అనే వైద్యుడు విశ్వమంతా నిండిన ఒక అయస్కాంత ద్రవం ఉందని, దాన్ని ఒంట్లోకి మళ్లించి జబ్బులు నయం చేస్తానని అన్నారు. పారిస్ అంతా ఆయన వెంట పడింది. 1784లో ఫ్రెంచి రాజు విచారణకు సంఘం వేశారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ అందులో సభ్యులు. ఫ్రాంక్లిన్ ఉంటున్న పాసీలోని తోటలో మెస్మర్ శిష్యుడు ఒక చెట్టును "అయస్కాంతీకరించాడు". ఆ శక్తి బాగా పని చేస్తుందని శిష్యుడే ఎంచుకుని తెచ్చిన 12 ఏళ్ల కుర్రాడికి కళ్లకు గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. మొదటి చెట్టు దగ్గరే చెమటలు పట్టాయి. తర్వాతి చెట్ల దగ్గర తల తిరుగుతోందన్నాడు. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. ఆ నాలుగింటిలో అయస్కాంతీకరించిన చెట్టు లేనే లేదు. కుర్రాడు నటించలేదు, వాడికి నిజంగానే కళ్లు తిరిగాయి. కారణం చెట్టులో లేదు, చెట్టు గురించి వాడికి చెప్పిన మాటలో ఉంది. మీ శిబిరాల్లో ఒళ్లు జలదరించిందని, శక్తి పాకినట్టు అనిపించిందని చెప్పేవాళ్లను నేను ఎందుకు అబద్ధాలకోరులు అననో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

19వ శతాబ్దం చివరికి ఈథర్ వచ్చింది. కాంతి ప్రయాణించడానికి విశ్వమంతా నిండిన మాధ్యమం ఉందనుకునేవారు. ఆత్మలు ఉండే చోటు అదేనని కొందరన్నారు. రేడియో తరంగాల మీద గొప్ప పని చేసిన ఆలివర్ లాడ్జ్ కూడా వాళ్లలో ఒకరు. 1915లో ఆయన కొడుకు యుద్ధంలో చనిపోయాడు. ఆ తండ్రి బాధను నేను తక్కువ చేయను. కానీ అప్పటికే 1887 నాటి మైకెల్సన్, మోర్లీ ప్రయోగంలో ఈథర్ జాడ దొరకలేదు, 1905లో ఐన్‌స్టీన్ దాని అవసరమే లేదని చూపించారు. ఈథర్ పోయింది. 1960ల్లో మూలకణాలంటూ ఏవీ లేవు, ప్రతి కణమూ మిగతా కణాలన్నిటితో తయారైందనే సిద్ధాంతం బర్క్‌లీలో బలంగా ఉండేది. "అంతా ఒక్కటే" అన్న తూర్పు దేశాల తత్వానికి ఇదే రుజువని కొందరు సంతోషించారు. 1974 నవంబరులో కొత్త కణం ఒకటి బయటపడటంతో ప్రోటాన్ల లాంటివాటి లోపల క్వార్కులనే మూలకణాలున్నాయన్న సిద్ధాంతం గెలిచింది, ఆ రుజువు చేతిలోంచి జారిపోయింది. అయస్కాంతం పోతే ఈథర్, ఈథర్ పోతే క్వాంటం. నమ్మకం ఒక్కటే ఉంటోంది, కింద పెట్టిన ఆధారం మాత్రం మారుతూ వస్తోంది. ఆధారం కూలినా నమ్మకం కదల్లేదంటే, అది మొదటినుంచీ ఆ ఆధారం మీద నిలబడి లేదు.

ఈ వరుసలో రేడియంను విడిగా చెప్పాలి, అక్కడ ప్రాణాలు పోయాయి కాబట్టి. 1898లో క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టాక, దానంతట అదే శక్తి వెలువరించే ఆ పదార్థం జనాన్ని ఎంతగానో ఆకర్షించింది. శక్తి ఇస్తుందంటూ రేడియం కలిపిన నీళ్లు సీసాల్లో అమ్మారు. ఎబెన్ బయర్స్ అనే అమెరికా పారిశ్రామికవేత్త, ఒకప్పటి గోల్ఫ్ చాంపియన్, వెయ్యికి పైగా సీసాలు తాగాడు. దవడ ఎముక శిథిలమై 1932లో చనిపోయాడు. ఆ సీసాల మీద ఉన్నది ఆనాటి అత్యాధునిక భౌతికశాస్త్రమే.

అదంతా పాత కథ అనుకోకండి. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ కొన్ని లాకెట్లు, గాజులు, నిద్రపోయేటప్పుడు కళ్లకు కట్టుకునే పట్టీల గురించి హెచ్చరిక జారీ చేసింది. మొబైల్ టవర్ల నుంచి కాపాడతాయని అమ్ముతున్న వస్తువులవి. కొన్నిటి పేరులోనే "క్వాంటం" ఉంది. పరీక్షిస్తే వాటిలోంచి అయనీకరణ రేడియేషన్, అంటే ఒంటిలోని కణజాలాన్ని దెబ్బతీయగల రేడియేషన్, వస్తోంది. ఎక్కువ కాలం ఒంటి మీద ఉంచుకుంటే హాని చేయవచ్చు, వాడకండి, పక్కన పెట్టేయండి అన్నారు. వాటిలో పిల్లల కోసం చేసిన గాజు కూడా ఉంది. మీరు లాకెట్లు అమ్మరు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ "క్వాంటం" అంటే ప్రశ్నించకూడని మహాశక్తి అన్న నమ్మకాన్ని జనంలో ఎవరు నాటారు? లాకెట్ అమ్మేవాడు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు. మీరు పదేళ్లుగా చెప్పిందాన్ని పెట్టె మీద అచ్చు వేసుకుంటే సరిపోతుంది.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. మీ అనుభవాన్ని మీ అనుభవంగా చెప్పండి. మీ ధర్మగ్రంథాన్ని ఆ గ్రంథం పేరుతోనే చెప్పండి. వినేవాళ్లు వింటారు, నమ్మేవాళ్లు నమ్ముతారు. "క్వాంటం ఫిజిక్స్ నిరూపించింది" అన్న వాక్యాన్ని మాత్రం తీసేయండి. ఏదైనా ప్రయోగం గురించి చెప్పదలచుకుంటే ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏం కొలిచారు అన్నవి కూడా చెప్పండి. మనిషి మనసు వల్ల ఫలితం మారిందని మీరు నిజంగా నమ్ముతుంటే, పాసీ తోటలో చేసినట్టు కళ్లకు గంతలు కట్టి పరీక్షిద్దాం. ప్రయోగం ఎలా అమర్చాలో మీతో కలిసి కూర్చుని రాస్తాను. ఫలితం ఎటు వచ్చినా మీ పేరుతోనే ప్రకటించండి. మీ తర్వాతి ప్రసంగం ప్రతిని ముందుగా పంపిస్తే అందులో భౌతికశాస్త్రం ఉన్న భాగాలు చదివి, ఎక్కడ తప్పుందో గుర్తుపెట్టి పంపిస్తాను. దీనికి డబ్బు అక్కర్లేదు, నా పేరు చెప్పక్కర్లేదు.

ఒక్క పనికి మాత్రం ఇవేవీ అయ్యేదాకా ఆగకండి. మీ క్వాంటం హీలింగ్ శిబిరాలకు క్యాన్సర్ ఉన్నవాళ్లు వస్తారు. షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లు, ఫిట్స్ మందులు వాడుతున్న పిల్లల్ని తీసుకుని తల్లులు వస్తారు. "మీ కణాల ఫ్రీక్వెన్సీ మారిపోయింది" అని మీరన్నప్పుడు, ఇక మందు అవసరం లేదని వాళ్లలో కొందరు అర్థం చేసుకుంటారు. మీరు ఆ మాట నోటితో అనకపోయినా సరే. డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా మానొద్దని శిబిరం మొదలయ్యే రోజే మైకులో చెప్పండి. చివరి రోజు మళ్లీ చెప్పండి. కరపత్రం మీద శిబిరం పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే, ఈ మాటా అంత పెద్ద అక్షరాల్లో వేయించండి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు